అచ్చుయంత్రానికి చెవులు

పోయిన వేసవిలో ఒక సాయంత్రం మా చెల్లెలు ఆఫీసు నుంచి వచ్చి, హ్యాండ్‌బ్యాగు సోఫాలో పడేసి, మంచినీళ్ళయినా అడక్కుండా, "అక్కా, మా జిరాక్స్ మిషనుకి చెవుడొచ్చింది" అంది.

చాపమీద కూచుని చింతపండులో గింజలు తీస్తున్న మా అమ్మ తలెత్తకుండానే, "మిషనుకి చెవుడేమిటే, నీ మొహం!" అంది.

సంగతేమిటంటే, గాలివానలో వాళ్ళ ఆఫీసు పక్కనే పిడుగు పడిందట. ఆ రోజు నుంచీ ఆ మిషను, కాగితం పెడితే నకలు తీస్తుంది గాని, బల్లల మీది కంప్యూటర్లు ఏం పంపినా ఉలకదు, పలకదు. తీగ వెంట వచ్చే మాట వినడానికి దాని వెనక అరచేయంత పలక ఒకటి ఉంటుందట. నెట్‌వర్క్ కార్డు అంటారు. పోయింది అదొక్కటే. మిగతా మిషనంతా నిక్షేపంలా ఉంది.

"అయితే ఆ కార్డు మార్పించండి" అన్నాను, గొప్ప సలహా చెప్పినట్టు.

"అదేగా గొడవ! బాగుచేసే అబ్బాయి ఇంకో పాత మిషన్లోంచి కార్డు ఊడదీసి తెచ్చాడు. అదే కంపెనీది. దూరింది, స్క్రూలు కూడా బిగిశాయి. తీరా స్విచ్చి వేస్తే మిషను దాన్ని గుర్తుపట్టనంది. మోడలు వేరట. మా మోడలుకి సరిపడే కార్డు చెయ్యడం ఎప్పుడో మానేశారట. కంపెనీ మనిషి వచ్చి చూసి, 'మిషనే మార్చేయండి మేడమ్' అని ఓ కాగితం ఇచ్చి వెళ్ళాడు. ఎంతో తెలుసా? లక్షల్లో ఉంది."

అంతటితో పోతే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. వాళ్ళ అటెండరు ఒకాయన ఆ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు. ఆ మిషనుకి రోజూ కాగితం పెట్టిందీ, ఇరుక్కున్న కాగితం ఊడలాగిందీ ఆయనే. ఆయన పింఛను కాగితాలన్నీ మా చెల్లెలి కంప్యూటర్లో సిద్ధంగా ఉన్నాయి, అచ్చయి బయటికి రావడమే తరువాయి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వీధి చివరి జిరాక్స్ షాపుకి పోవచ్చుగా అంటారేమో. ఒకసారి పోయింది. కాగితాలతోపాటు వైరస్ కూడా తెచ్చుకుంది. పైగా ఒకరి సర్వీసు రిజిస్టరు, బ్యాంకు నంబర్లు, భార్యాబిడ్డల వివరాలు షాపువాడి కంప్యూటర్లో పడి ఉండటం ఏం మర్యాద?

నేను చదివింది బి.ఏ. హిస్టరీ. మా ఇంట్లో ఫ్యూజు పోతే మావారి కోసం చీకట్లో కూచునే రకాన్ని. కాని చరిత్ర చదివినవాళ్ళకి ఒక జబ్బుంటుంది. ఏది చూసినా, ఇది ఎప్పుడు మొదలైంది, ఎవరి వల్ల మొదలైంది అని తవ్వుకుంటూ పోతాం. ఆ రాత్రి నుంచీ పది రోజులు ఈ చెవుల కథే తవ్వాను. తవ్వితే మొదట తేలింది ఒక వంటిల్లు!

అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ అని ఒకాయన. మంగలి కొడుకు. తల్లి క్షయతో పోయేటప్పటికి పదిహేడేళ్ళవాడు. న్యూయార్క్‌లో ఒక కంపెనీ పేటెంటు విభాగంలో ఉద్యోగం చేసేవాడు. రోజూ పేటెంటు కాగితాలకి నకళ్ళు కావాలి. టైపు కొట్టించాలి, లేదా ఫోటో తీయించాలి. చూపు అంతంతమాత్రం, పైగా కీళ్ళవాతం. దీనికి సులువైన దారి ఉండదా అని ఇంట్లో ప్రయోగాలు మొదలెట్టాడు. ఇంట్లో అంటే ఎక్కడనుకున్నారు? వంటింటి పొయ్యిమీద! జింకు పలక మీద గంధకం కరిగించేవాడు. అది కాస్తా అంటుకునేది. కుళ్ళిన కోడిగుడ్ల కంపు ఆ భవనమంతా కొట్టేది. ఆయన భార్య ఎల్సా ఆ పొయ్యిమీదే సాయంత్రం వంట చేసుకోవాలి కాబోలు పాపం. ఈ ఘట్టం దగ్గర పుస్తకాలన్నీ ఆయన పట్టుదలని మెచ్చుకుంటాయి. నేను మాత్రం ఎల్సా వైపు.

చివరికి ప్రయోగాలు ఆస్టోరియా అనే పేటలో అత్తగారి ఇంటి మేడ మీదికి మారాయి. 1938 అక్టోబరు 22న, ఆస్ట్రియా నుంచి వచ్చిన ఓటో కోర్నాయ్ అనే సహాయకుడితో కలిసి, గాజుపలక మీద సిరాతో ఆ తేదీ, ఆస్టోరియా అన్న పేరు రాశాడు. గంధకం పూసిన పలకని చేతిరుమాలుతో రుద్ది, వెలుగు చూపించి, పొడి చల్లి, మైనం కాగితం అద్ది తీశాడు. అక్షరాలు పడ్డాయి. మీరు దువ్వెనని పొడిజుట్టులో నాలుగుసార్లు లాగి చిన్న కాగితం ముక్కల దగ్గర పెడితే ఎగిరొచ్చి అంటుకుంటాయి చూడండి, ఆ కిటుకే. రుద్దిన చోటల్లా ఆ రకం కరెంటు నిలుస్తుంది. వెలుగు పడినచోట పోతుంది, అక్షరం నీడ పడినచోట మిగులుతుంది. అక్కడ పొడి అంటుకుంటుంది. ఆ పొడిని వేడితో కాగితానికి అతికిస్తే నకలు తయారు.

దీన్ని పట్టుకుని ఇరవైకి పైగా కంపెనీల గుమ్మాలెక్కితే అందరూ వద్దన్నారు. 1944లో ఒక పరిశోధన సంస్థ చేరదీసింది. 1947లో హాలాయిడ్ అనే ఫోటో కాగితాల కంపెనీ చెయ్యందించింది. ఈలోగా 1945లో ఎల్సాకీ ఆయనకీ విడాకులయ్యాయి. ఆ హాలాయిడ్ కంపెనీయే తర్వాత పేరు మార్చుకుని జిరాక్స్ అయింది. పొడిరాత అని అర్థం వచ్చే గ్రీకు మాటల్లోంచి పుట్టిన పేరు. 1983లో మోదీ జిరాక్స్ పేరుతో మన దేశానికీ వచ్చింది. ఇప్పుడు మిషను ఏ కంపెనీదైనా మనం తీయించేది 'జిరాక్సే'.

1959లో వాళ్ళు బయటపెట్టిన మొదటి ఆఫీసు మిషను పేరు 914. దాదాపు 300 కిలోల బరువు. ఒక్కోసారి లోపల కాగితం అంటుకునేది కూడా. అందుకని దాంతోపాటు మంటలార్పే డబ్బా ఇచ్చేవారట. దానికి పెట్టిన పేరు 'మాడకుండా చేసేది' అని! మంట అనే మాట వాడితే కొనేవాళ్ళు బెదిరిపోతారని. దీన్ని వాడటం ఎంత తేలికో చూపించడానికి టీవీ ప్రకటనలో ఒక చింపాంజీ చేత కాపీలు తీయించారు. మర్నాడు ఆఫీసుల్లో సెక్రటరీ అమ్మాయిలకి ఎగతాళి మొదలు. కొందరి మిషన్ల మీద అరటిపళ్ళు కూడా పెట్టారని చెబుతారు. ఆ ప్రకటన ఎక్కువ కాలం నడవలేదు.

ఈ మాట చదివి వినిపిస్తే మా అమ్మ చింతపండు పక్కన పెట్టింది. అమ్మ టైపిస్టుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయింది. లోయరు, హయ్యరు రెండూ ఫస్టుక్లాసు. "కార్బన్లు పెట్టి అయిదు కాపీలు కొట్టాలంటే వేళ్ళు ఎంత గట్టిగా దిగాలో ఆ కోతికేం తెలుసు?" అంది. నా చిన్నప్పుడు అమ్మ వేళ్ళ చివర్లు ఎప్పుడూ నీలంగా ఉండేవి. స్టెన్సిలు మీద ఇంగ్లీషు 'ఓ' అక్షరం కాస్త గట్టిగా కొడితే సున్నా మొత్తం ఊడి చిల్లి పడేదట. దానికి మందు పూసి ఆరబెట్టి మళ్ళీ కొట్టడం. వాళ్ళ ఆఫీసుకి జిరాక్స్ వచ్చిన రోజు ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా పడుకుందని నాకు లీలగా గుర్తు. సంతోషమో, దిగులో ఇప్పటికీ అడగలేదు.

అయితే ఇంతవరకూ ఈ యంత్రానికి కళ్ళే గాని చెవులు లేవు. కాగితం పెడితే చూసి రాస్తుంది. ఎక్కడో బల్ల మీది కంప్యూటరు చెప్పే మాట విని రాయడం అనే విద్య 1970ల్లో వచ్చింది. అదీ ఆ జిరాక్స్ కంపెనీలోనే. గ్యారీ స్టార్క్‌వెదర్ అనే ఉద్యోగికి 1967 ప్రాంతంలో, గాజుబల్ల మీద కాగితం పెట్టే బదులు లేజరు వెలుగుతో నేరుగా అక్షరాలు గీస్తే పోదా అని తట్టింది. పై అధికారికి నచ్చలేదు. పట్టువదలక, కంపెనీ 1970లో కాలిఫోర్నియాలో పెట్టిన పార్క్ అనే పరిశోధనశాలకి మారిపోయి, అక్కడ లేజరు ప్రింటరు తయారుచేశాడు. అదే చోట 1973లో ఒక్కొక్కరి బల్ల మీదా ఒక్కో కంప్యూటరు ఉండాలని ఆల్టో అనేది చేశారు. కంప్యూటర్లు చాలా, ఖరీదైన ప్రింటరు ఒకటి. ఇంటినిండా తోడికోడళ్ళు, రోలు ఒక్కటే అన్నట్టు.

అప్పుడు బాబ్ మెట్‌కాఫ్ అనే యువకుడు 1973 మే 22న ఒక కాగితం రాశాడు. గదులన్నిటి మీదుగా ఒకే తీగ లాగి, అందరూ దాని మీదే మాట్లాడుకునే పద్ధతి. పూర్వం శాస్త్రజ్ఞులు ఆకాశమంతా నిండి ఉందనుకున్న ఈథరు పేరు మీద దానికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టాడు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి దాన్ని నిలబెట్టాడు. ఇవాళ ఆఫీసుల్లో గోడల వెంట పాకే తీగలన్నీ దాని సంతానమే. అది పుట్టడానికి ఒక ముఖ్యకారణం ఆ ప్రింటరుని అందరూ పంచుకోవాలన్న అవసరం. ఆ తీగ, ఆ కంప్యూటరు, అక్షరాలు గీసే పెట్టె, ఆ లేజరు యంత్రం, ఈ నాలుగింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి ఆ ఏర్పాటుకి వాళ్ళు పెట్టుకున్న పేరేమిటో తెలుసా? 'ఇయర్స్'. చెవులు! మా చెల్లెలు తన నోటికొచ్చిన మాట అన్నాననుకుంది గాని, యాభై ఏళ్ళనాడే అన్నారు.

ఈథర్‌నెట్ మర్యాద నాకు భలే నచ్చింది. ఎవరూ మాట్లాడటం లేదని విన్నాకే నోరు విప్పాలి. ఇద్దరు ఒకేసారి మొదలెడితే ఇద్దరూ ఆపేసి, ఎవరికి తోచినంతసేపు వాళ్ళు ఆగి, మళ్ళీ మొదలెట్టాలి. మా అత్తవారింట్లో ఆడపడుచులంతా చేరినప్పుడు ఈ పద్ధతి పెడదామని చూశాను, కుదర్లేదు.

ఇక్కడి నుంచే తగువులు మొదలయ్యాయి. 1980లో ఈథర్‌నెట్‌ని మూడు కంపెనీలు కలిసి అందరికీ ఇస్తే, 1985లో ఐబీఎం 'టోకెన్ రింగ్' అని వేరే పద్ధతి తెచ్చింది. అందులో తీర్థం గిన్నెలాగా ఒక చీటీ చేతులు మారుతుంటుంది. చీటీ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. దీని కార్డు దానికి పనికిరాదు. సరే, తీగ ఒకటే అనుకుందాం, దాని మీద భాషలు వేరు. నోవెల్ వారి నెట్‌వేర్ ఆఫీసుల్లో ఒక భాష, ఆపిల్ వారిది ఒకటి, ఇప్పుడు ఇంటర్నెట్ అంతా నడిచే భాష ఇంకొకటి. ప్రింటరుకి పాపం రాయడం వచ్చు. ఇన్ని భాషలు ఎక్కడ నేర్చుకుంటుంది?

అందుకే దుబాసీని పెట్టారు. హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ 1984లో తెచ్చిన లేజర్‌జెట్ ప్రింటరు, ఒక తీగతో ఒక కంప్యూటరుకి కట్టేసుకునేది. 1991లో వచ్చిన పెద్ద ప్రింటరులో లోపలే జెట్‌డైరెక్ట్ అనే కార్డు అమర్చే ఏర్పాటు చేశారు. పేరుకి కార్డేగాని దాని మీద ఓ చిన్న కంప్యూటరే ఉంటుంది. బయటి భాష ఏదైనా విని, లోపల యంత్రానికి అర్థమయ్యేట్టు చెప్పడం దాని పని. పాతకాలం కలెక్టరు దొర పక్కన నిలబడే దుబాసీలాగే, వాడు లేకపోతే దొరకి ఊరు లేదు, ఊరికి దొర లేడు.

ఆ కార్డులు దూరే అర కూడా మారుతూ వచ్చింది. 1990ల మొదట్లో ఒక కొలత. 1990ల చివరికి ఇంకా చిన్నది. పాతది కొత్తదాంట్లో దూరదు. దూరినా మరో తంటా: ఒకే కొలత కార్డుల్లో మొదట వచ్చినవి 5 వోల్టులవి, తర్వాతి ప్రింటర్లు ఇచ్చేది 3.3 వోల్టులు. కుక్కరు గాస్కెట్టు కొనబోయి మీరెప్పుడైనా మోసపోయారా? అయిదు లీటర్లది అడిగి తెచ్చాక, అది లోమూత కుక్కరుదని ఇంటికొచ్చి తెలుస్తుంది. అదన్నమాట.

అన్నీ కుదిరినా చివరి గడప ఒకటుంది. మిషను లోపల రాసిపెట్టిన ప్రోగ్రాము ఆ కార్డుని గుర్తుపట్టాలి. మా చెల్లెలి ఆఫీసులో పని ఆగిపోయింది ఈ గడప దగ్గరే. బాగుచేసే అబ్బాయి లెక్క ప్రకారం, ఆ ప్రోగ్రాములో కార్డు పేరు ఒక్క పంక్తి చేరిస్తే సరిపోతుంది. కాని అది అతను తెరవలేడు. తెరిచే హక్కు కంపెనీది. డబ్బిచ్చి కొన్నది మనం, ఏళ్ళ తరబడి తుడిచి, పొడి నింపి, కాగితం పెట్టింది ఆ అటెండరు. తలుపు తాళం మాత్రం ఇంకెవరి దగ్గరో.

ఇది చదువుతుంటే నాకు రిచర్డ్ స్టాల్‌మన్ కథ ఎదురైంది. ఆయన ఎంఐటీలో కృత్రిమ మేధ పరిశోధనశాలలో పనిచేసేవాడు. అక్కడి పాత ప్రింటరు వేరే అంతస్తులో ఉండేది. అస్తమానం కాగితం ఇరుక్కునేది. ఆయన దాని ప్రోగ్రాములో మార్పు చేసి, ఇరుక్కోగానే అచ్చు కోసం కాచుకున్నవాళ్ళందరి తెరల మీదా 'వెళ్ళి బాగుచెయ్యండి' అని కనపడేట్టు పెట్టాడు. ఎవరో ఒకరు లేచి వెళ్ళేవారు. 1980 ప్రాంతంలో జిరాక్స్ వాళ్ళు కొత్త లేజరు ప్రింటరు బహుమానంగా ఇచ్చారు. వేగం ఎక్కువ, ఇరుక్కోవడం మాత్రం మానలేదు. దీనికీ ఆ మార్పు చేద్దామంటే ప్రోగ్రాము ఇవ్వలేదు. వేరే విశ్వవిద్యాలయంలో ఒకాయన దగ్గర ఉందని తెలిసి వెళ్ళి అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానన్నాడట. స్టాల్‌మన్ మారు మాట్లాడకుండా వెనుదిరిగాడు. ఆ కోపం ఆయన్ని వదల్లేదు. 1983లో, ఎవరైనా తెరిచి చూసి మార్చుకోగలిగే ప్రోగ్రాములు రాస్తానని ప్రకటించాడు. అదే గ్నూ. ఈనాటి లినక్సు సిస్టముల్లో దాని పాలు చాలా ఉంది. ఇరుక్కున్న కాగితం ఎంత దూరం లాక్కెళ్ళిందో చూడండి.

కంపెనీల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. అడ్డమైన కార్డూ పెట్టి మిషను కాలిపోతే, మళ్ళీ వాళ్ళనే తిడతాం. పాత సామాన్లకి విడిభాగాలు ఎల్లకాలం చేస్తూ కూచోవడం ఎవరికైనా కష్టమే. ఒప్పుకుంటాను. కాని నిక్షేపంలా నడిచే యంత్రాన్ని ఒక చెవి కోసం తుక్కుకి పంపమంటే మాత్రం నా ప్రాణం ఒప్పదు. మా వీధిలో ముప్ఫై ఏళ్ళనాటి కుట్టుమిషనుకి ఇవాళ్టికీ బాబిన్ కేసు దొరుకుతుంది మరి.

నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా ఆ బాగుచేసే అబ్బాయే దారి కనిపెట్టాడు. మిషను వెనక చదరపు యూఎస్‌బీ రంధ్రం ఒకటుంది, ఒక్క కంప్యూటరుని నేరుగా తగిలించుకోవడానికి. దానికి బయట నుంచి సబ్బుపెట్టెంత డబ్బా ఒకటి తగిలించాడు. ప్రింట్ సర్వర్ అంటారట. ఆఫీసు తీగ ఆ డబ్బాకి, డబ్బా తీగ మిషనుకి. మిషనుకేమో ఒకే కంప్యూటరు తగిలించినట్టు లెక్క. లోపలి కార్డు ప్రసక్తే లేదు. వినికిడి మిషను పెట్టినట్టే! ఖరీదు రెండువేలు కూడా కాలేదు. ఒక లోటుంది. వింటుంది గాని తిరిగి చెప్పదు. స్కాన్ చేసినదాన్ని కంప్యూటర్లకి పంపలేదు. దానికి ఇంకో చిన్న స్కానరు సర్దుకున్నారు.

ఆ సాయంత్రం ఏడు దాటాక చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, మొదటి పేజీ వచ్చింది. మా అటెండరుగారు ఆయన కాగితాలు ఆయనే తీసి దులిపి పెడుతున్నారు. వద్దన్నా వినరు. నేను లేటుగా వస్తా, పాలు తోడుపెట్టు."

పక్కనుంచి అమ్మ, "ఎన్ని ప్రతులని అడుగు" అంది.

అడిగాను. "నాలుగు."

"నాలుగోది సరిగ్గా పడిందో లేదో చూసుకోమను" అంది అమ్మ.